వేన్నీళ్ల కాలువ

మా అమ్మాయి రాయచూరు బయట, చిక్కసూగూరు దారిలో ఇల్లు కట్టిస్తోంది. పగలంతా తను బడిలో పాఠాలు చెబుతుంది కాబట్టి, ఇసుక కుప్ప పక్కన కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని కాపలా కూర్చోవడం నా వంతుకు వచ్చింది. నేను కూర్చున్నంత మాత్రాన పని గబగబా సాగుతుందన్న నమ్మకం నాకు లేదు. మేస్త్రీకీ లేదు. కానీ ఆ మాట ఇద్దరం పైకి అనుకోం.

మొన్న లారీ వచ్చి ఇటుకలు దించింది. ఎర్రవి కావు, బూడిద రంగువి. "బూడిద ఇటుకలమ్మా, కరెంటు కార్ఖానా బూడిదతోని చేస్తరు. ఇప్పుడంత ఇవే," అని మేస్త్రీ పైపు తీసుకుని వాటి మీద నీళ్లు కొట్టాడు. గుప్పున వాసన లేచింది. కొంచెం చల్లారిన పొయ్యి వాసన, కొంచెం సున్నం వాసన. నేను తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా అవ్వ బతికినన్నాళ్లూ కొంగుతో దులుపుకున్న బూడిద, ఇన్నేళ్లకు మా అడ్రసు కనుక్కుని వచ్చి మా గోడ అవుతోంది. అవ్వ ఉంటే "వదలదు గదనే ఇది మనల" అనేది.

అదే సాయంత్రం మా అమ్మాయి అడిగింది. "అమ్మా, కొత్తింట్లకు నీళ్ల బిందెతోని పోవాల్నంట. పాత రాగి బిందె అయితే ఇంక మంచిదంట. మనింట్ల ఉన్నదా?"

మా ఇంట్లో ఉన్నవన్నీ స్టీలువి. "చూద్దాం," అన్నాను. నిజానికి చూడవలసిందేమీ లేదు. ఆ బిందె ఎక్కడుందో నాకు బాగా తెలుసు.

మా నాన్న వాళ్లది రాయచూరు బజారులో తాతల నాటి బట్టల దుకాణం. అన్నదమ్ములు ఎక్కువై దుకాణంలో కూర్చునే చోటు తక్కువైంది. ఏటి ఒడ్డున కరెంటు తయారుచేసే కార్ఖానా లేచిందనీ, ఎక్కడెక్కడి జనమో అక్కడ దిగుతున్నారనీ విని, నాన్న మమ్మల్నీ బట్టల తానులనూ ఒకే లారీలో ఎక్కించాడు. అప్పుడు నాది చిన్న తరగతి. అవ్వ, అంటే మా నాన్న తల్లి, డ్రైవరు పక్క సీట్లో ఒక రాగి బిందెను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అది ఆమె పెళ్లినాటి బిందె. మెడ చుట్టూ చుక్కలు చుక్కలుగా ఆమె పేరు కొట్టించి ఉండేది. సామాన్లలో వేద్దామని నాన్న ఎంత చెప్పినా వినలేదు. ఊరు చేరి లారీ దిగుతూనే పొగగొట్టాల వైపు తలెత్తి చూసి, "ఒక్క యేడు చూస్త. మనసుకు రాకుంటే నా రాయచూరుకు నేను పోత," అని చెప్పేసింది. ఆ మాట అంటుండగానే ఆమె తెల్లచీర మీద సన్నగా బూడిద రాలింది.

ఆ ఊరి పటం గీయమంటే ఇప్పటికీ కళ్లు మూసుకుని గీస్తాను. పైన ఏరు. ఏరంటే మాకు కృష్ణే. వేరే ఏరు లేదు గనక పేరు పెట్టి పిలిచే అవసరం పడలేదు. ఎండాకాలం నీళ్లు తగ్గితే మధ్యలో నల్లటి బండలు పడుకున్న ఎనుముల్లా బయటపడేవి. ఒడ్డును ఆనుకుని రాతిగోడల పాత ఊరు. దాని పక్కన పొలాలు మింగి లేచిన కార్ఖానా. కార్ఖానా వెనక బొగ్గు రైళ్ల పట్టాలు, పట్టాలకు ఇవతల ఒకే అచ్చులో పోసినట్టుండే కాలనీ క్వార్టర్లు, కాలనీ గేటుకు ఎదురుగా మా బజారు. అన్నిటికంటే దూరంగా, ఎవరి కంటా పడకూడదన్నట్టు, కాలిన బొగ్గు బూడిదను కుమ్మరించే బూడిద చెరువు.

ఊరి చరిత్ర మా దుకాణం అరుగు మీద దొరికేది. పాత ఊరి ముసలాళ్లు బీడీలు కాలుస్తూ అక్కడే కూర్చునేవారు. "ఇప్పుడు పెద్ద పొగగొట్టమున్న కాడ మా జొన్నచేను ఉండె," అని ఒకాయన మొదలుపెట్టేవాడు. "నీది గాదు, ఆడ మా చేను ఉండె. నీది బొగ్గుకుప్ప కింద పోయింది," అని ఇంకొకాయన అందుకునేవాడు. ఎవరి చేను దేని కింద పోయిందన్న ఆ తగవు ఏనాడూ తెగలేదు. వాళ్ల కొడుకులు మాత్రం సైరను కూయగానే టిఫిను డబ్బాలు పట్టుకుని, ఆ చేల మీదుగానే షిఫ్టుకు నడిచిపోయేవారు.

అంత కరెంటు తయారయ్యే చోట మా బజారుకు సాయంత్రమయ్యేసరికి కరెంటు పోయేది. కందిలి వెలుతురులో నాన్న చీరలు పరిచేవాడు. కొనేవాళ్లు ఉర్దూలో బేరం మొదలుపెట్టి, కన్నడంలో అలిగి, తెలుగులో ఒప్పుకునేవారు. ప్రతి బట్టల దొంతర మీదా నాన్న ఒక పాత గుడ్డ కప్పి ఉంచేవాడు. బూడిదను తినడమే దాని ఉద్యోగం. మొదటి ఏడు తెచ్చిన తెల్లబట్ట తానులు ఎవరూ కొనలేదు. అవన్నీ చివరికి అవ్వకే చీరలయ్యాయి. అమ్మ వడియాలు పెట్టాలంటే ముందు నన్ను మిద్దె ఎక్కించి పొగ ఎటు పోతోందో చూడమనేది. పొగ ఏటి మీదికి పోతే ఆ రోజు వడియాలు. మా మీదికి వస్తే లేవు.

ఒక్క ఏడు చూస్తానన్న అవ్వ రెండో ఏడు కూడా ఉందంటే, అది వేన్నీళ్ల కాలువ పుణ్యమే. కార్ఖానా ఏటి నీళ్లను లోపలికి లాక్కుని, వాటితో యంత్రాలను చల్లబరిచి, వేడెక్కిన నీళ్లను ఒక రాతి కాలువ గుండా మళ్లీ ఏట్లోకి వదిలేది. చలికాలం పొద్దున ఆ కాలువ మీద ఆవిరి దట్టంగా ఆడుతుండేది. పై వైపు ఆడవాళ్లు, కింద మలుపు దాటాక మగవాళ్లు. మోకాళ్లు పట్టేసిన ముసలమ్మలు, పసిపిల్లల తల్లులు, గొంగళ్లు ఉతుక్కునేవాళ్లు అందరూ అక్కడే. కుంకుడు నురగ, శనగపిండి, తడిసిన గొంగడి, వాటన్నిటి పైన బొగ్గు పొగ. నాకు చలికాలమంటే ఇప్పటికీ ఆ వాసనే.

కాలువ నోటి దగ్గర ఎవరో పసుపూ కుంకుమా పెట్టారు. చూస్తుండగా గాజులు వచ్చాయి, నిమ్మకాయలు వచ్చాయి. లోపల ఉన్నవి యంత్రాలని అందరికీ తెలుసు. వాళ్ల మొగుళ్లే వాటిని నడుపుతున్నారు. అయినా దండం పెట్టకుండా ఎవరూ నీళ్లలోకి దిగేవారు కాదు. నేనూ మా పక్కింటి దర్జీ కూతురూ మాత్రం పచ్చి పల్లీలు గుడ్డలో మూటకట్టి ఆ నోట్లోకి వేలాడదీసేవాళ్లం, ఉడుకుతాయని. అవి ఉడికేంత వేడి కాదు. నానిన పల్లీలను ఉడికాయని ఒకరికొకరం ఒట్టు పెట్టుకుని తినేవాళ్లం, సాయంత్రానికి కడుపు పట్టుకుని పడుకునేవాళ్లం.

అవ్వకు ఆ కాలువలో ఒక బండ ఉండేది. నడుము దాకా మునిగి కూర్చోవడానికి కుదురైన బండ. ఒక సోమవారం మేము వెళ్లేసరికి దాని మీద ఎర్రచీర ముసలావిడ ఒకామె కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటోంది. చేతుల నిండా పచ్చబొట్లు. ఏటికి అవతలి ఊళ్లో రైతు ఇంటి పెద్దామె, సోమవారం సంతకని పుట్టి ఎక్కి వచ్చింది. వెదురుతో అల్లి, అడుగున తారు పూసిన గుండ్రటి పడవను పుట్టి అంటారు. రోడ్డు వంతెన ఉండేది గానీ ఆమె ఊరికి అది చాలా చుట్టు. పుట్టిలో అయితే నేరుగా మా రేవులోనే దిగవచ్చు.

"అది నా బండ," అంది అవ్వ.

"పేరు రాసుకున్నవా?" అంది ఆమె కదలకుండా.

అవ్వ చంకలోని బిందె మెడ తిప్పి చూపించింది. "ఇగో, ఈడ రాసున్నది."

"అయితే పోయి బిందె మీద కూసో. బండ మీద నేను కూసుంట."

మా అవ్వకు ఎదురుమాట చెప్పినవాళ్లను అప్పటిదాకా నేను చూడలేదు. మా తాత కూడా చెప్పి ఎరగడట. ఇంక జుట్లు పట్టుకుంటారనుకుని నేను ముందుగానే గట్టు ఎక్కేశాను. అవ్వ బిందె గట్టు మీద పెట్టి, "జర జరుగు," అంది. ఆమె జరిగింది. ఆ బండ ఇద్దరికీ సరిపోయింది.

అప్పటి నుంచి సోమవారం సోమవారం ఇద్దరూ ఆ బండ మీదే. ఒకరినొకరు వదినె అని పిలుచుకునేవారు. ఆమె పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు ఆమె ఏటవతలి అవ్వ, అంతే. ఆమె తన పాడి ఎనుము గురించీ కోడలి గురించీ చెప్పేది. రెండూ ఒక పట్టాన మాట వినవట. మా అవ్వ రాయచూరు గురించి చెప్పేది. అవ్వ మాటల్లో ఆ ఊళ్లో చలి లేదు, దుమ్ము లేదు, దోమ కూడా లేదు. "అంత మంచి ఊరు ఇడిసిపెట్టి ఈడికెందుకొచ్చినవ్ మరి?" అని ఆమె అడిగితే అవ్వ నీళ్లు మొహాన కొట్టుకుని మాట మార్చేది.

అవ్వ పరాయి ఇంటి వంట ముట్టుకునేది కాదు. ఏటవతలి అవ్వ గుడ్డలో సజ్జరొట్టెలు, పైన వెర్రినువ్వులు దంచిన నల్లటి గురెళ్ల పొడి, నూనె వేసి కట్టుకొచ్చేది. మూట విప్పితే ఆ వాసన కాలువంతా తిరిగేది. అవ్వ కొన్ని వారాలు మొహం పక్కకు తిప్పుకుంది. ఆ తర్వాత ఒక సోమవారం కొత్త శాస్త్రం బయటపెట్టింది.

"నీళ్లల కాళ్లున్నంతసేపు ఏం తిన్న తప్పు గాదు."

"ఎవరు చెప్పిన్రు వదినె?"

"మా అత్త."

ఇంటికొచ్చి నేనిది చెబితే అమ్మ చాలాసేపు నవ్వింది. ఆ అత్తగారిని తాను చూసిందనీ, ఆవిడ అలాంటి మాట అననే అనదనీ చెప్పింది. ఏమైనా అవ్వ మాత్రం ఆ రోజు నుంచి నీళ్లలో కాళ్లు పెట్టుకుని సజ్జరొట్టె తింది. బదులుగా మా ఇంటి నుంచి మరమరాలు తాలింపు వేసిన మండక్కి ఒగ్గాణి, మిరపకాయ బజ్జీలు పోయేవి. మోస్తున్నది నేనే కాబట్టి బజ్జీలు గమ్యం చేరేసరికి కాస్త తగ్గేవి.

"నువ్వొక్కసారి మా ఊరికి రా వదినె," అనేది ఆమె ప్రతిసారీ.

"గాలికి తిరిగే తట్టల కూసుండి వస్తనా? నేనేమన్న వంకాయనా?"

"నేను వస్తలేనా?"

"నీకు మోకాళ్ల నొప్పులున్నయి, వస్తున్నవ్. నాకేమున్నది?"

ఆమె వాకిట్లోంచి చూస్తే మా పొగగొట్టాలు కనిపిస్తాయట. "పొద్దుగాల లేవంగనే మీ పొగ చూస్త. పొగ లేస్తున్నదంటే నీళ్లు కాగుతున్నట్టు. లేకుంటే నేను పుట్టెక్క," అనేది. మా ఊళ్లో పొగను చూసి వడియాలు పెడితే, వాళ్ల ఊళ్లో పొగను చూసి స్నానానికి బయలుదేరేవారన్నమాట.

ఆ మరుసటి చలికాలం, చలి బాగా ముదిరిన రోజుల్లో, ఒక పొద్దున కాలువ ఎండిపోయింది. వేడి నీళ్లను లోపలే చల్లార్చి మళ్లీ వాడుకునే ఏర్పాటు చేశారని నాన్న చెప్పాడు. ఏటికి కూడా అదే మంచిదట. మంచిదే అయి ఉంటుంది. ఆడవాళ్లంతా బకెట్లు పట్టుకుని గట్టు మీద నిలబడి చూశారు. అడుగున మిగిలిన మడుగుల్లో చిన్న చేపలు కొట్టుకుంటున్నాయి. కాకులు దిగాయి. కాలువ నోటి దగ్గర నిమ్మకాయలు అలాగే ఉన్నాయి. అవ్వ బండ మొదటిసారి నిలువునా కనిపించింది, ఇంత చిన్నదా అనిపించింది.

అవ్వకు పట్టుకున్న దిగులు వేరు. "నీళ్లు బంద్ అయినయి గని పొగ బంద్ గాలే. సోమారం వదినె పొగ జూసి వస్తది. ఏం చూపియ్యాలె ఆమెకు?" అంటూ ఆ వారమంతా అదే ఫికరు. సోమవారం పొద్దున్నే పెద్ద కాగులో నీళ్లు కాయించి, నన్ను వెంటబెట్టుకుని రేవులో నిలబడింది. పుట్టి వచ్చింది. సంతకు పోయేవాళ్లు కూరగాయల గంపలతో దిగారు. ఏటవతలి అవ్వ లేదు. తర్వాతి సోమవారమూ నిలబడ్డాం. ఆ రోజూ రాలేదు.

అవ్వ రేవు నుంచి వెనక్కి తిరిగింది. ఇంటి మెట్టు ఎక్కుతూ అంది. "నీళ్లకే వచ్చింది. నీళ్లు పోయినయి, వస్తలేదు. అంతే."

ఆ మాట మామూలుగానే అంది గానీ ఇల్లంతటికీ దాని వేడి తగిలింది. పాలు పలచగా ఉన్నాయని పాలామెతో గొడవ. చారులో ఉప్పు లేదని అమ్మతో, వేశాక ఎక్కువైందని మళ్లీ అమ్మతో గొడవ. మూలన పడ్డ పాత మాట మళ్లీ బయటికొచ్చింది. "రాయచూరుకు పోదం. ఈ బూడిదల నాకేం పనున్నది?" ఈసారి ఆమె నిజంగానే చీరలు మడిచి పెట్టెలో పెట్టుకోవడం చూసి నాన్న భయపడ్డాడు. దుకాణం అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది. ఆమెను ఒంటరిగా పంపలేడు, అందరితో కలిసి వెనక్కి పోలేడు.

"పుట్టాయన్ను అడుగుదమా అమ్మా, ఆమె ఎందుకొస్తలేదో?" అన్నాడు నాన్న.

"నేనెందుకడగాలె? నాకేం గరజు?"

ఆ గరజు, ఆ అవసరం, ఎవరిదో ఇంట్లో అందరికీ కనబడుతూనే ఉంది. ఆమె కొత్తగా ఒక అలవాటు చేసుకుంది. వడియాల పని లేకపోయినా మిద్దె ఎక్కి పొగను చూసేది. ఆ తర్వాత పొగ కింద నుంచి చూపు జరుపుకుంటూ ఏటి అవతలికి చూసేది. అక్కడ చెట్ల మసక తప్ప ఏమీ కనబడేది కాదు.

చివరికి నేనే పోయి పుట్టి నడిపే ఆయన్ను అడిగాను. పిల్లలకు పంతాలుండవు కదా. "ఆ అవ్వనా? మోకాళ్లు ఉబ్బి మంచం మీదనే ఉన్నది బిడ్డా. రేవు దిగనీకి వస్తలేదు," అన్నాడు ఆయన. నేను పరుగెత్తుకొచ్చి ఆ మాట అవ్వ చెవిన వేశాను. ఆమె అప్పుడు బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట పక్కన పెట్టింది. "రేపు పొద్దుగాల పుట్టి ఎప్పుడు పోతది?" అని అడిగింది.

మర్నాడు అవ్వ అందరికంటే ముందు లేచి పొయ్యి రాజేసింది. తన రాగి బిందెలో కుతకుతలాడేలా నీళ్లు కాచింది. ఆ నీళ్లను ఏం చేస్తుందో మాకు అర్థం కాలేదు. మూత పెట్టి, మూత చుట్టూ గుడ్డ బిగించాక అప్పుడు చెప్పింది.

"ఆమె రాలేకుంటే నీళ్లే ఆమె కాడికి పోతయి."

అమ్మ నోరు తెరిచింది. "అది గాదు అత్తమ్మా, వాళ్లింట్ల కూడ..."

నాన్న వెనక నుంచి చెయ్యెత్తి అమ్మను ఆపాడు. లోపలికి పోయి గొంగడి తెచ్చాడు. "దీన్ల చుట్టు అమ్మా, చల్లారదు," అన్నాడు. ఆ రోజు నాన్న ఎందుకలా చేశాడో నాకు పెద్దయ్యాక అర్థమైంది. అర్థమయ్యాక ఆయన మీద గౌరవం ఇంకొంచెం పెరిగింది.

పుట్టిలో అవ్వను కూర్చోబెట్టడానికి పెద్ద తతంగమే అయింది. ఒక కాలు పెడితే అది జారిపోతుంది, రెండో కాలు పెట్టేలోగా మొదటి కాలు తీసేస్తుంది. చివరికి నాన్న ఎత్తి కూర్చోబెట్టాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు. గొంగడి చుట్టిన బిందెను ఒళ్లో పెట్టుకుని అవ్వ కళ్లు గట్టిగా మూసుకుంది. పుట్టి ముందుకు పోయే ముందు ఒక చుట్టు తిరుగుతుంది, దాని స్వభావమే అది. అవ్వ తనకు తెలిసిన దేవుళ్లందరినీ పిలిచింది.

"వచ్చినమా?"

"ఇంక ఒడ్డు కూడ ఇడవలే అవ్వా."

ఏటి మధ్య నీళ్లు తేటగా, చల్లగా ఉన్నాయి. నల్ల బండను తప్పించడానికి పుట్టి నడిపే ఆయన తెడ్డు వేస్తే పుట్టి మెల్లగా వెనక్కి తిరిగింది. అప్పుడే అవ్వ ఒక కన్ను తెరిచింది. ఎదురుగా ఒడ్డున తెల్లటి పొగ నిటారుగా లేచి ఆకాశంలో పలచబడుతోంది. దాని కింద పాత ఊరి మిద్దెలు, రేవు మెట్ల మీద రంగురంగుల బట్టలు, బొగ్గు రైలు చిన్నగా కదులుతోంది. నీళ్లలో అదంతా మరోసారి కనబడుతోంది.

"గదేం ఊరు?"

"మనూరే అవ్వా."

"మనూరా?" ఆమె రెండో కన్ను కూడా తెరిచింది. "గిట్లుంటదా మనూరు?" తర్వాత అవతలి ఒడ్డు తగిలేదాకా ఆమె మళ్లీ కళ్లు మూసుకోలేదు. మెడ తిప్పి తిప్పి చూస్తూనే ఉంది.

ఆమె ఇల్లు రేవుకు దగ్గరే. శాబాదు బండలు పరిచిన వాకిట్లో ఏటి వైపు తిప్పి వేసిన మంచం మీద ఏటవతలి అవ్వ కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయింది, లేవలేకపోయింది. అవ్వ గొంగడి మూటను మంచం పక్కన దించింది. ఏటవతలి అవ్వ మూట వైపు చూసింది.

"ఇదేంది వదినె?"

"వేన్నీళ్లు," అంది అవ్వ. "నీ మోకాళ్లకు."

వాకిలి మూలన ఆమె కోడలు రొట్టెలు చేస్తోంది. రెండు పొయ్యిలు మండుతున్నాయి. ఒకదాని మీద పెనం, ఇంకోదాని మీద అండా నిండా నీళ్లు మరుగుతున్నాయి. కోడలు కొంగు నోట్లో కుక్కుకుని అటు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. ఏటవతలి అవ్వ ఆ అండాను చూసింది, మా బిందెను చూసింది.

"మా ఇంట్ల పొయ్యి లేదనుకున్నవా వదినె?"

 మా అవ్వ అండా వైపు చూసి, నా వైపు చూసి, నిజంగానే ఆ సంగతి ఇప్పుడే తట్టినట్టు బిందె మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. మొహం ఎర్రబడింది. నాకు ఏడుపొచ్చింది.

"నవ్వకు పిల్లా," అని కోడలిని కసిరింది ఏటవతలి అవ్వ. "పెద్ద గంగాళం తే."

గంగాళం వచ్చింది. ఆమె చీర పైకి లాక్కుని ఉబ్బిన కాళ్లు అందులో పెట్టింది. "ఒంచు వదినె," అంది. అవ్వ గుడ్డ విప్పి మెల్లగా నీళ్లు వంచింది. "ఇంక ఎంత వెచ్చగున్నయో," అందామె కళ్లు మూసుకుని. నేను వేలు పెట్టి చూశాను. అవి చన్నీళ్లు కావని చెప్పవచ్చు, అంతే.

కోడలు వేడివేడి సజ్జరొట్టెలు తెచ్చింది, పైన గురెళ్ల పొడి. అవ్వ చెయ్యి చాపలేదు. కాలువ ఒడ్డున పనికొచ్చిన శాస్త్రం ఈ వాకిట్లో పనికిరాదు. ఏటవతలి అవ్వ ఆమె మొహం చూసి, తన కాళ్లు ఒక పక్కకు జరుపుకుంది.

"చూస్తవేంది? నీ కాళ్లు కూడ పెట్టు."

అవ్వ మంచం మీద ఆమె పక్కన కూర్చుని గంగాళంలో కాళ్లు పెట్టింది. ఇద్దరూ ఆ గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు ఆనించుకుని రొట్టెలు తిన్నారు. ఎదురుగా ఏటికి అవతల మా ఊరి పొగ లేస్తోంది.

"నీళ్లు బంద్ అయినయని తెల్వదా నీకు?" అని అడిగింది అవ్వ.

"పుట్టాయన ఎప్పుడో చెప్పిండు."

"మరి నన్ను మర్చిపోయినవనుకున్న."

"ఎట్ల మరుస్త వదినె? రోజు పొద్దుగాల పొగ చూస్తున్న గద. పొగున్నది, దాని కింద వదినె ఉన్నది అనుకుంటున్న."

అవ్వ తుంచిన రొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది. మేం బయలుదేరేటప్పుడు ఆమె ఖాళీ బిందె కోసం వంగితే, ఏటవతలి అవ్వ దాని మీద చెయ్యి వేసింది. "ఈడనే ఉండనియ్యి. మళ్లొచ్చినప్పుడు తీస్కపో."

ఇంటికి రాగానే నాన్న అడిగాడు. "బిందె ఏదమ్మా?"

"మర్చిపోయిన," అంది అవ్వ. "సోమారం పోయి తెస్త."

సోమవారం పోయింది, ఉత్త చేతులతో వచ్చింది. ఆ పై సోమవారమూ అంతే. పుట్టి ఎక్కడానికి ఆమెను ఎవరూ ఎత్తవలసిన పని లేకుండా పోయింది. మడిచి పెట్టెలో పెట్టిన తెల్లచీరలు మళ్లీ దండెం మీదికొచ్చాయి. వాటి మీద బూడిద పడితే దులుపుకునేది, తిట్టేది, కానీ రాయచూరు మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. నాన్న ఆ బిందె గురించి ఇంట్లో ఎవరినీ అడగనివ్వలేదు.

ఆ యేడు వానలు గట్టిగా పడ్డాయి. ఏరు రెండు ఒడ్లూ తాకుతూ పారింది, పుట్టీలు ఒడ్డెక్కాయి. అవ్వ రోజూ మిద్దె మీదికి పోయి ఏటి నీళ్లు ఎంత తగ్గాయో చూసొచ్చేది. నీళ్లు దిగి మొదటి పుట్టి వచ్చిన రోజు, దాంట్లో ఆ కబురు కూడా వచ్చింది. ఏటవతలి అవ్వ వానల్లోనే పోయిందట. పోయే రోజుల్లో కూడా మంచం ఏటి వైపే వేయించుకుందట.

అవ్వతో పాటు నేనూ పోయాను. వాకిట్లో మంచం లేదు. ఆ కోడలు లోపలికి పోయి, చింతపండుతో తోమి తళతళలాడుతున్న బిందెను తెచ్చి అవ్వ ముందు పెట్టింది. ఆ రోజు నవ్విన మనిషే. ఇప్పుడు కళ్లు తుడుచుకుంటోంది. అవ్వ బిందెను ఒళ్లోకి తీసుకుని, మెడ చుట్టూ ఉన్న చుక్కల మీద వేలు పెట్టి ఒక చుట్టు తిప్పింది. తర్వాత దాన్ని తిరిగి కోడలి చేతుల్లోనే పెట్టింది.

"ఈడనే ఉండనియ్యి బిడ్డా. మళ్లొచ్చినప్పుడు తీస్కపోత."

ఆమె మళ్లీ పోలేదు. కొన్నేళ్లకు అదే ఊళ్లో, ఆ బూడిద కిందే కన్నుమూసింది. ఆ తర్వాత బజారు కాలనీ లోపలికి మారింది. నాన్న దుకాణం మూసి మమ్మల్ని రాయచూరుకు తెచ్చాడు. ఇప్పుడు రేవులో పుట్టీలు లేవు. కాలువ రాళ్లు ఎవరి ఇళ్లకు పునాదులయ్యాయో. రైల్లో పోతుంటే పొగగొట్టాలు దూరం నుంచి కనబడతాయి. నేను కిటికీ పక్కకు జరిగి కూర్చుంటాను. పొగ ఉందా లేదా అని చూస్తాను. ఉంటే, ఎందుకో, ఆ రోజంతా మనసు కుదుటగా ఉంటుంది.

నిన్న రాత్రి అన్నం తింటుండగా మా అమ్మాయి మళ్లీ బిందె మాట ఎత్తింది.

"ఉన్నది," అన్నాను.

"ఎక్కడ?"

"ఏటికవతల."

ఇదంతా చెప్పాను. అది కంచంలో చెయ్యి ఎండిపోయేదాకా విన్నది. "కారుల పోతే ఎంతసేపమ్మా? పోయి అడిగి తెచ్చుకుందం," అంది.

"వద్దు. తెచ్చుకుంటే ఇంక ఆడ మనకు ఏం పనుంటది?"

అది లేచి చెయ్యి కడుక్కుని వచ్చింది. "అయితే ఊరికెనే పోయి చూసొద్దం."

ఆ రోజు కొంగు నోట్లో కుక్కుకుని నవ్విన కోడలు ఉంటే, ఆమెకిప్పుడు మోకాళ్లు పట్టేసే వయసు. ఆమె కంటే చిన్నదాన్ని, నాకే పట్టేశాయి.

"ఊరికెనే ఎట్ల పోతం?" అన్నాను. "పొద్దుగాల లేచి పొయ్యి మీద నీళ్లు పెట్టు."